స్నేహితుడు ఆరు లక్షలు ఇస్తానంటున్నాడు, అప్పులన్నీ తీర్చేయనా?

ప్రశ్న: సర్, నా వయసు 34. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 52,000 వస్తుంది. ఏడాదికోసారి 40,000 దాకా బోనస్ ఉంటుంది. రెండు క్రెడిట్ కార్డుల మీద కలిపి 2,30,000, ఒక లోన్ యాప్‌లో 35,000, బ్యాంకు పర్సనల్ లోన్ 3,10,000 బాకీ ఉన్నాను. పర్సనల్ లోన్‌కు 14 శాతం వడ్డీ, ఈఎంఐ 8,700, ఇంకా 46 నెలలు కట్టాలి. అద్దె 13,000. ఇంటి ఖర్చు, పాప స్కూలు, పెట్రోలు కలిపి 17,500. ఊళ్లో అమ్మానాన్నలకు 3,000. కార్డులకు మినిమం కట్టడానికే నెలకు 11,500 కావాలి. అది చాలకే యాప్‌లో తీసుకున్నాను. ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్ ఈమధ్య పొలం అమ్మాడు. నా సంగతి విని, ‘ఆరు లక్షలు ఇస్తా, అన్నీ తీర్చేసుకో, వడ్డీ వద్దు, వీలైనప్పుడు ఇవ్వు’ అన్నాడు. తీసుకోమంటారా? కార్డుల విషయం ఇంట్లో ఇంకా చెప్పలేదు. లక్ష రూపాయల చిట్టీ కూడా ఒకటి ఉంది, 20 నెలల్లో 13 కట్టాను, పాడలేదు, తగ్గింపు పోను నెలకు 4,500 పడుతోంది.

సమాధానం:

తీసుకోండి. కానీ ఆరు లక్షలు వద్దు. నా లెక్కలో మీకు లక్షా డెబ్బై ఐదు వేలు చాలు. అది కూడా ఇంట్లో చెప్పాకే.

నేను 31 ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, అందులో ఎక్కువ కాలం అప్పుల సెక్షన్లోనే. అప్పు కోసం వచ్చేవాళ్లు సాధారణంగా ముఖ్యమైన విషయాన్ని చివరి వాక్యంలో చెబుతారు. మీరూ అంతే, చిట్టీ సంగతి ఆఖరున పడేశారు. దాని దగ్గరికి వస్తాను.

ముందు మీ అప్పులను మన ఊరి లెక్కలో చూద్దాం. శాతాలంటే మనకు భయం వేయదు, నూటికి ఎన్ని రూపాయలంటే వేస్తుంది. మీ కార్డుల వడ్డీ ఎంతో రాయలేదు. చాలా కార్డులకు బాకీ మోస్తే నెలకు మూడున్నర శాతం దరిదాపుల్లో ఉంటుంది, అదే అనుకుందాం. దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే నూటికి నెలకు నాలుగు రూపాయల పైమాటే. ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీకి అప్పు చేశాడంటే ‘వాడి పని అయిపోయింది’ అనుకుంటాం కదా. మీరు అదే చేస్తున్నారు, కాకపోతే ప్లాస్టిక్ కార్డు మీద. 2,30,000 మీద నెల వడ్డీ 8,050, జీఎస్టీ 1,449. మీరు కిందామీదా పడి కట్టే 11,500లో సుమారు 9,500 అందులోకే పోతోంది. అసలు తగ్గేది రెండు వేలు. ఆ నెలలో కార్డు గీకి సరుకులు కొన్నారంటే అదీ తగ్గదు. పైగా పాత బాకీ మొత్తం తీరేదాకా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు. కొన్న రోజు నుంచే మీటర్ తిరుగుతుంది.

యాప్ వడ్డీ ఎంతో కూడా మీరు రాయలేదు, అదీ ఖరీదైనదే అయి ఉంటుంది.

ఇక పర్సనల్ లోన్. 14 శాతమంటే నూటికి రూపాయీ పదహారు పైసలు. ఖరీదైనదే, కానీ మిమ్మల్ని ముంచుతున్నది ఇది కాదు. మీ ఖర్చులన్నీ కూడి చూశాను. అద్దె, ఇల్లు, అమ్మానాన్న, ఈఎంఐ, చిట్టీ అన్నీ కలిపి 46,700. జీతంలో 5,300 మిగులుతోంది. అంటే పర్సనల్ లోన్ కడుతూ కూడా మీ సంసారం నడుస్తోంది. కార్డుల మినిమం వచ్చి పడ్డాకే నెలకు ఆరు వేలు తక్కువ పడుతోంది, ఆ ఆరు వేల కోసమే యాప్. కాబట్టి పర్సనల్ లోన్‌ను కదపకండి. ముందుగా తీర్చేస్తే చాలా బ్యాంకులు మిగిలిన అసలు మీద నూటికి రెండు మొదలు ఐదు దాకా ఛార్జీ వేస్తాయి. మీ శాంక్షన్ లెటర్లో ఎంతుందో చూడండి, మీ బాకీ మీద ఆరు వేల నుంచి పదిహేను వేల దాకా తేలవచ్చు. స్నేహితుడి డబ్బుతో ఆ ఛార్జీ కట్టడమెందుకు?

ఇంకో లెక్క. ఆరు లక్షలు తీసుకుంటే ఎప్పటికి తీరుస్తారు? ఈఎంఐ డబ్బు కూడా వాడికే ఇచ్చారనుకుందాం. నెలకు 14,000, చిట్టీ అయ్యాక 18,500. దాదాపు మూడేళ్లు పడుతుంది, అది కూడా మూడేళ్లలో ఎవరికీ జ్వరం రాకుండా, బండి చెడకుండా, ఉద్యోగం పోకుండా ఉంటే. మూడేళ్లపాటు ఇంకొకరి పొలం డబ్బు మీ చేతిలో ఉంటుందన్నమాట.

పొలం డబ్బు అన్నాను కాబట్టి ఒక మాట అడుగుతాను. అది పూర్తిగా వాడిదేనా? తండ్రి పొలమైతే అక్కచెల్లెళ్ల వాటా తేలిందా? ఇల్లు కట్టాలనో, ఇంకోచోట స్థలం కొనాలనో వాడి భార్య ఏమైనా అనుకుంటోందా? మీరు వాణ్ని నేరుగా అడగాల్సిన ప్రశ్నలు రెండే: ‘ఈ డబ్బు నీకు మళ్లీ ఎప్పుడు కావాలి, నాకిస్తున్నట్టు ఇంట్లో తెలుసా?’ రెండో దానికి ‘చెప్తాలే’ అంటే, చెప్పేదాకా ఆగండి. దాచి ఇచ్చిన డబ్బు, దాచి తీసుకున్న డబ్బు ఏదో ఒక గృహప్రవేశంలోనో ఒడుగులోనో ఆడవాళ్ల మాటల్లో బయటికొస్తుంది. అప్పుడు తగాదా రెండిళ్లలోనూ మొదలవుతుంది.

‘వీలైనప్పుడు ఇవ్వు’ అన్న మాట గురించి నా సొంత అనుభవం చెబుతాను. 1996లో నేను క్లర్కుగా ఉండగా చెల్లెలి పెళ్లికి 18,000 తక్కువ పడింది. నా పక్క సీట్లో పనిచేసే స్నేహితుడు తెచ్చిచ్చాడు. ఇదే మాట అన్నాడు, వీలైనప్పుడు చూద్దాంలే అని. నాకు సొసైటీ లోన్ కటింగ్ ఉంది, అది జీతంలోనే పోతుంది. చిట్టీ ఉంది, కట్టకపోతే మనిషి ఇంటికొస్తాడు. కిరాణా కొట్టు ఖాతా ఉంది, ఒకటో తారీఖున పిలిచి అడుగుతాడు. అడగనివాడు ఆ స్నేహితుడొక్కడే. అందుకే అందరి తర్వాత వాడి వంతు వచ్చేది, వచ్చేసరికి డబ్బు ఉండేది కాదు. ఎగ్గొడదామని నాకు ఏనాడూ లేదు. మధ్యలో మా ఇంట్లో కలర్ టీవీ కొన్నాం, వాయిదాల మీద. వాడూ భార్యా ఒక ఆదివారం వచ్చి చూశారు. ఆవిడ టీవీ బాగుందండీ అంది, అంతే. తర్వాత కొన్నాళ్లకు వాడు టీకి వెళ్తూ నన్ను పిలవడం మానేశాడు. రెండేళ్లకు మొత్తం ఇచ్చేశాను. తీసుకుని, లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు. టీకి మాత్రం మళ్లీ పిలవలేదు.

అప్పిచ్చిన స్నేహితుడు మీ ఖర్చులు చూస్తూనే ఉంటాడు, చూడకూడదనుకున్నా చూస్తాడు. మా రోజుల్లో ఇంటికి వస్తే తప్ప తెలిసేది కాదు. మీకు వాట్సాప్ స్టేటస్ ఉంది. అప్పు తీరేదాకా కొత్త ఫోను, అరకు ట్రిప్పు ఫోటోలు పెట్టకండి అంటే నవ్వుతారేమో, నేను సీరియస్‌గానే అంటున్నాను.

సరే, చిట్టీ. లక్ష రూపాయల చిట్టీలో 13 నెలలు కట్టి పాడకుండా ఉంచారు. అక్కడ మీ సొంత డబ్బు అరవై వేలదాకా కూర్చుని ఉంది, ఇక్కడ మీరు నాలుగు రూపాయల వడ్డీ కడుతున్నారు. ‘ఆఖరుదాకా ఉంటే లాభం’ అని మనవాళ్లకో నమ్మకం. అప్పు లేనివాడికి అది నిజమే. మీరు ఈ నెలే పాడండి. చిట్టీ చివరికొచ్చింది కాబట్టి పాట మరీ ఎక్కువ పోదు. ఇద్దరు ముగ్గురు పోటీకొచ్చినా, నిర్వాహకుల కమిషన్ పోను మీకు తొంభై వేల దరిదాపుల్లో రావాలి. మిగతా ఏడు వాయిదాలు ఎలాగూ కట్టేవే. పాడినవాళ్లను జామీను అడుగుతారు. ఆ జామీనుకు ఈ స్నేహితుణ్ని మాత్రం తీసుకెళ్లకండి. ఒకే మనిషి దగ్గర డబ్బూ తీసుకుని సంతకమూ పెట్టించుకుంటే భారం రెండింతలు. ఆఫీసులో జీతం స్లిప్పు ఉన్న కొలీగ్‌ను అడగండి.

ఇప్పుడు చూడండి. కార్డులు 2,30,000, యాప్ 35,000, మొత్తం 2,65,000. చిట్టీ నుంచి 90,000 పోతే మిగిలేది 1,75,000. స్నేహితుణ్ని అడగాల్సింది అంతే. నెలకు 5,000 చొప్పున ఏడు నెలలు, చిట్టీ అయిపోయాక నెలకు 9,500, మధ్యలో బోనస్ 40,000. పద్దెనిమిది పంతొమ్మిది నెలల్లో వడ్డీతో సహా తీరిపోతుంది. ఏడాదిన్నర తర్వాత ఫలానా నెలలో అని తేదీ చెప్పగలిగే అప్పు ఇది. ఆరు లక్షలకు మీరు అలా చెప్పలేరు.

వడ్డీ వద్దన్నాడు కదా అంటారు. వాడు ఎఫ్డీలో వేసుకుంటే ఎంత వచ్చేదో అంతైనా ఇవ్వండి. ఏడు శాతం అనుకుంటే మీరిచ్చే మొత్తం వడ్డీ పది వేల లోపే. మీకు అది కార్డుల మీద ఒక్క నెల పోయే డబ్బు. వాడి ఇంట్లో మాత్రం దానివల్ల మాట మారుతుంది, ‘ఊరికే ఇచ్చాం’ అనే మాట ఉండదు. నెలనెలా తీసుకోవడానికి మొహమాటపడితే చివర్లో ఒకేసారి వేయండి.

డబ్బు ఎలా తీసుకోవాలన్నది చాలామంది పట్టించుకోరు. నగదుగా వద్దు. 20,000 లేదా అంతకంటే ఎక్కువ అప్పును నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నంత మొత్తం జరిమానా పడే వీలుంది, అది పడేది ఇచ్చినవాడికి కాదు, తీసుకున్న మీకు. తిరిగి కట్టేటప్పుడూ ఇలాంటి నిబంధనే ఉంది. వాడు పొలం డబ్బులో కొంత నగదు ఉందని, అదే పట్టుకుపొమ్మంటే మొహమాటం లేకుండా వద్దనండి. ఖాతా నుంచి ఖాతాకు, వివరాల దగ్గర ‘అప్పు’ అని రాసి పంపమనండి. రేపు ఎవరైనా అడిగితే అది అప్పని చూపించుకోవాలి. బంధువు కానివాడు ఏడాదిలో 50,000 దాటి ఊరికే ఇస్తే అది మీ ఆదాయంలో కలుస్తుంది. అప్పుకు ఆ గొడవ లేదు.

నోటు రాయండి. వాడు ‘మన మధ్య నోటేమిట్రా’ అంటాడు. ‘నాకేమైనా అయితే నీ డబ్బుకు ఆధారం ఉండాలి కదరా’ అని మీరే రాసి చేతిలో పెట్టండి. ప్రామిసరీ నోటు పెద్ద పనేమీ కాదు. తేదీ, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, వడ్డీ, ఎవరికి బాకీ, రూపాయి రెవెన్యూ స్టాంపు మీదుగా మీ సంతకం. సాక్షులు చట్టం ప్రకారం తప్పనిసరి కాకపోయినా ఇద్దరు ఉండటం మన అలవాటు, మంచిదే. ఆ ఇద్దరిలో ఒకరు మీ భార్య అయితే మరీ మంచిది. నోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. మధ్యలో కట్టినవి నోటు వెనక చెల్లు వేసి సంతకం చేస్తే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. మీది ఏడాదిన్నర పని కాబట్టి అంతదాకా రాదు. అంతా తీరాక నోటు వెనక్కి తీసుకోవడం మరిచిపోకండి.

ఏ గడీ ఖాళీగా వదిలి సంతకం పెట్టకండి, ప్రాణ స్నేహితుడికైనా సరే. వాడు మంచివాడే, కానీ కాగితం ఎప్పుడూ వాడి బీరువాలోనే ఉంటుందని నమ్మకం ఏమిటి? 2015లో విజయవాడలో కాల్‌మనీ గొడవ (ఫోన్ చేస్తే అధిక వడ్డీకి అప్పిచ్చే దందా) బయటపడినప్పుడు జనాన్ని ఇరికించినవి ఈ ఖాళీ నోట్లు, ఖాళీ చెక్కులే. చెక్కు అసలే వద్దు. అప్పుకు ఇచ్చిన చెక్కు డబ్బుల్లేక తిరిగొస్తే అది క్రిమినల్ కేసు, రెండేళ్లదాకా జైలు శిక్షకు అవకాశం ఉంది. నెల జీతానికి, ఈఎంఐకి మధ్య ఊగే మీలాంటి ఖాతా మీద చెక్కులు తిప్పకూడదు.

జీతం ఒకటో తారీఖున పడితే రెండో తారీఖున వాడి ఖాతాకు 5,000 దానంతటదే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించండి. నేను 1996లో చేయని పని ఇదే. అడగనివాడికి ఆఖరున ఇవ్వడం మనిషి స్వభావం, అందుకని మీ చేతికి రాకముందే పోవాలి. ఏదో ఒక నెల ఇబ్బంది వస్తుంది, తప్పదు. అప్పుడు ఆ తేదీకి ముందే ఫోన్ చేయండి. ‘ఈ నెల పాపకు బాగాలేదురా, రెండు వేలే వేస్తున్నా, మిగతా మూడు వేలు వచ్చే నెల కలిపి వేస్తా.’ తేదీ దాటాక చెప్పే కారణం ఎంత నిజమైనా సాకులాగే వినిపిస్తుంది. ఆ ఫోన్ చేయలేక తప్పించుకు తిరగడంతోనే సగం స్నేహాలు పోతాయి, డబ్బు వల్ల కాదు.

డబ్బు వచ్చిన రోజు అది మీ ఖాతాలో రాత్రి నిద్ర చేయకూడదు. ముందు యాప్. మీకు అప్పిచ్చిన ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ సంస్థ) పేరు యాప్‌లో ఉంటుంది. దాని ఖాతాకే కట్టండి, ఫోన్ చేసే ఏజెంటు పంపిన యూపీఐకి కట్టకండి. అప్పు తీరినట్టు లెటర్ తీసుకోండి. మీ కాంటాక్ట్‌లకు ఫోన్లు చేస్తామని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

తర్వాత కార్డులు. స్టేట్‌మెంట్‌లో ఉన్న మొత్తం కట్టి ఊరుకుంటే సరిపోదు. స్టేట్‌మెంట్ తేదీ నుంచి మీరు కట్టిన రోజు దాకా వడ్డీ నడుస్తూనే ఉంటుంది, అది వచ్చే నెల బిల్లులో తేలుతుంది. ‘అంతా కట్టేశానుగా’ అని ఆ చిన్న మొత్తాన్ని వదిలేసి మళ్లీ లేట్ ఫీజులో పడ్డవాళ్లను ఎంతమందిని చూశానో. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ‘ఈ రోజు ఎంత కడితే బాకీ సున్నా అవుతుంది’ అని అడగండి, వచ్చే నెల బిల్లు కూడా చూడండి. సెటిల్‌మెంట్ అనే మాట వాళ్లు ఎత్తితే వద్దనండి. తగ్గించి కట్టించుకున్నట్టు సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్ర రికార్డులో పడుతుంది, రేపు హోమ్ లోన్‌కు వెళ్లినప్పుడు అడుగుతారు. మీరు పూర్తిగా కట్టగలిగినప్పుడు ఆ మచ్చ ఎందుకు?

రెండు కార్డుల్లో ఒకటి మూసేయండి. బాకీ లేకుండా రాతపూర్వకంగా అడిగితే బ్యాంకు ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 మీకు ఇవ్వాలని ఆర్బీఐ నిబంధన ఉంది. మిగిలిన కార్డు లిమిట్ 20,000కు తగ్గించమనండి, ఫుడ్ యాప్‌ల్లో, షాపింగ్ యాప్‌ల్లో సేవ్ చేసిన నంబర్లు తీసేయండి. ఇది చేయకపోతే మాత్రం నా సలహా మొత్తం వెనక్కి తీసుకుంటాను. కార్డులు ఖాళీ చేసి ఎనిమిది నెలల్లో మళ్లీ నింపుకొచ్చినవాళ్లు మా బ్రాంచిలో కోకొల్లలు. అప్పుడు వాళ్లకు కార్డు బాకీ, స్నేహితుడి బాకీ రెండూ ఉండేవి.

ఇక ఇంట్లో చెప్పడం. మీరు దీన్ని ప్రశ్న మధ్యలో ఒక వాక్యంలో దాటేశారు, నాకు మాత్రం అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఇదే. ఈ లెక్కంతా ఆ 17,500 ఇంటి ఖర్చు పెరగకుండా ఉండటం మీద నిలబడి ఉంది. ఆ ఖర్చు మీ ఒక్కరి చేతిలో లేదు. ఎందుకు బిగించాలో మీ భార్యకు తెలియకుండా ఏడాదిన్నర ఎలా బిగిస్తారు? పాప పుట్టినరోజుకు ఆవిడ పదివేలు ఖర్చుపెడదామంటే ఏ కారణం చెప్తారు? ఒకరోజు గొడవ అవుతుంది, అవనివ్వండి. కాగితం మీద అన్ని అప్పులూ రాసి, పక్కన తీర్చే తేదీలు రాసి, అది చూపిస్తూ చెప్పండి. ఉత్త అప్పు చెబితే భయపడతారు, తీరే తేదీ కూడా కనిపిస్తే మాట్లాడటానికి కూర్చుంటారు. కాసో రెండు కాసులో బంగారం తాకట్టు పెట్టి స్నేహితుడి మీద భారం ఇంకా తగ్గిద్దామని ఆవిడే అనవచ్చు. బ్యాంకులో గోల్డ్ లోన్ వడ్డీ మీ పర్సనల్ లోన్ కంటే తక్కువకే వస్తుంది. కానీ ఆ మాట ఆవిడ నోటి నుంచి రావాలి, మీరు అడగకండి.

ఇంకో దారి ఉంది, స్నేహితుడు ఏ కారణం చేతనైనా వెనక్కి తగ్గితే పనికొస్తుంది. కార్డు బాకీని ఈఎంఐగా మార్చమని బ్యాంకును అడగవచ్చు. రేటు చాలాసార్లు సగానికి పైగా తగ్గుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఎంతో ముందే కనుక్కోండి. ఒకసారి అడిగి చూడటంలో నష్టం లేదు.

చిట్టీ పాట తేదీ ఎప్పుడో ఈరోజే కనుక్కోండి. స్నేహితుడితో మాట్లాడటం ఆ తర్వాతే. ఎంతకు పాడారో ఇక్కడ రాయండి. తొంభై వేలకు బదులు ఎనభై ఐదే చేతికొస్తే నా 1,75,000 కాస్తా 1,80,000 అవుతుంది, వాయిదాలు మళ్లీ లెక్కేసి ఇస్తాను.